బట్టీ పట్టిన అల్లుడు

“రేపు పొద్దున్నే అల్గారిథమ్ వస్తోంది అత్తయ్యా, మామయ్యకి కూడా చెప్పండి” అని కోడలు ఫోన్లో స్పష్టంగానే చెప్పింది. చెప్పడంలో లోపం లేదు, తంటా అంతా వినడంలో వచ్చింది. అత్తగారు ఆ ఫోను అందుకున్నది టైల్స్ ఫ్యాక్టరీ ఏరివేత గదిలో. బట్టీలో కాలి వచ్చిన ప్రతి టైలునీ చిన్న చెక్క సుత్తితో కొట్టి, మోగితే మంచిదని, మోగకపోతే లోపల బీటుందని తేల్చడం అక్కడ ఆవిడ పని. పలికే పలకలు ఒక పక్కకి, పలకని పలకలు ఇంకో పక్కకి. ఆవిడతో పాటు మరో నలుగురు అదే మోత మోగిస్తుంటే, ఆ టంగుటంగుల మధ్య నలిగి, చితికి, తోక తెగి, అల్గారిథమ్ కాస్తా ‘అల్లుడుగారు’ అయి ఆవిడ చెవిలో పడింది.

అత్తగారు సుత్తి కింద పెట్టేసింది. ఆవిడకి ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. వాడు రైలింజను నడుపుతూ ఏ వారం ఏ స్టేషన్లో ఉంటాడో వాడికే తెలీదు. కూతురు లేని కొంపకి అల్లుడు ఏ దారిన వస్తాడు? రాడు. అంటే ఆ వచ్చేది వేరేవాళ్ల అల్లుడు. మేనేజరుకి ఒక కూతురుంది. ఆ కూతురికి ఒక మొగుడున్నాడు. ఆ మొగుడికి ఏ పనీ లేదని ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. మూడు వాక్యాల్లో విషయం తేలిపోయింది: కంటి ఆపరేషనై తన భర్త ఇంట్లో కూర్చున్న సమయం చూసి, బట్టీ మేస్త్రి కుర్చీలో మేనేజరు తన అల్లుణ్ణి తెచ్చి కూర్చోబెడుతున్నాడు!

టీ వేళకి ఈ కబురు మట్టిముద్ద కలిపే గది నుంచి గేటు దాకా పాకింది. మర్నాడు పొద్దున్న కోడలు ఒక అట్టపెట్టె మోసుకుంటూ ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టేసరికి, పదిహేనుమంది పనివాళ్లు చేతులు కట్టుకుని బట్టీకి అడ్డంగా నిలబడి ఉన్నారు. వాళ్లకి ముందు అత్తగారు, చేతిలో సుత్తితో.

“ఏడమ్మా వాడు?”

“ఎవరత్తయ్యా?”

“అల్లుడు! నిన్న నువ్వే కదా ఫోన్ చేశావ్, అల్లుడుగారు వస్తున్నారని!”

కోడలు ఒక్క క్షణం ఆలోచించి, అర్థమై, నవ్వు ఆపుకోలేక పెట్టెను నేలమీద దించింది. “అల్లుడుగారు కాదత్తయ్యా, అల్గారిథమ్! బట్టీని నడిపే లెక్క. ఇదిగో, దీన్లో ఉంది.”

అత్తగారు పెట్టెలోకి తొంగిచూసింది. కంప్యూటరు, తెర, పామల్లే చుట్టుకున్న తీగలు. “ఓస్, పెట్టెలో పట్టే అల్లుడా! అయితే పర్లేదు, తిండి ఖర్చుండదు” అంది. పదిహేనుమందీ గొల్లుమన్నారు. తలుపు చాటున వింటున్న మేనేజరు మాత్రం తన అల్లుడి విషయంలో ప్రపంచానికి ఇంత అవగాహన ఉందని అప్పుడే తెలుసుకుని, గట్టిగా దగ్గి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచీ ఆ ప్రోగ్రాముకి ‘అల్లుడుగారు’ అన్న పేరే ఖాయమైంది.

ఇప్పుడు ఈ అల్లుడి అవసరం ఎందుకు వచ్చిందో చెప్పుకోవాలి.

బట్టీ అంటే ఒక చిన్న గదంత ఇటుకల పెట్టె. లోపల ఎనిమిది వందల టైల్స్ అరల్లో పేర్చి, తలుపు మూసి, గ్యాసు మంట పెడితే లోపల వేడి పదకొండు వందల యాభై డిగ్రీలదాకా పోతుంది. అక్కడ మూడు గంటలు నిలవాలి. ఆ మూడు గంటలే ప్రాణం. మంట కాస్త ఎక్కువైతే టైలు వంకరపోతుంది, రంగు ముదురుతుంది. తక్కువైతే పచ్చిగా ఉండిపోతుంది. వెనక గోడలో అరచేతంత ఇనుప మూత, దాని వెనక నాణెమంత కన్నం. మామగారు ముప్పై నాలుగేళ్లుగా పావుగంటకోసారి ఆ మూత తీసి, కన్నానికి కన్ను ఆనించి, టైల్స్ మీది పూత ఎలా మెరుస్తోందో చూసి, గ్యాసు మర తిప్పేవాడు. గ్యాసు తిప్పడమే గానీ గ్యాసు కొట్టడం ఆయనకి రాదని ఫ్యాక్టరీలో పేరు.

అన్నేళ్లు నిప్పుని చూసిన కళ్లకి పొరలు కమ్మాయి. కుడికన్నుకి ఆపరేషన్ చేసిన డాక్టరు ఆకుపచ్చ పట్టీ కడుతూ చెప్పాడు: “ఇది బాగుచేశాను. రెండోది వచ్చే నెల బాగుచేస్తాను. మళ్లీ ఆ కన్నంలో కన్ను పెట్టారంటే, మూడోది నా దగ్గర లేదు.”

మామగారికి ఈ మాట కుడి చెవిలో దూరి ఎడమ చెవిలోంచి వెళ్లిపోయింది. కోడలికి మాత్రం గుండెల్లో నాటుకుంది. ఆవిడ చదివిందీ పనిచేసేదీ సరిగ్గా ఇలాంటి లెక్కల్లోనే: ఏదీ కచ్చితంగా తెలియని చోట యంత్రం చేత తెలివిగా నిర్ణయాలు చేయించడం. బట్టీలో ఏదీ కచ్చితంగా తెలియదు మరి. మట్టి మూడు గోతుల నుంచి వస్తుంది, మూడింటికీ మూడు బుద్ధులు. తడి రోజుకోలా ఉంటుంది. గాలి వీచిన వైపుని బట్టి పొగగొట్టం లాగుడు మారుతుంది. పక్క వీధిలో రొట్టెల ఫ్యాక్టరీవాళ్లు పొయ్యిలు వెలిగిస్తే ఇక్కడ గ్యాసు ఒత్తిడి చప్పున పడిపోతుంది.

మేనేజరు ఇంటికే వచ్చి, మొదటిసారి దయగా, రెండోసారి గడియారం చూసుకుంటూ చెప్పాడు: “చూడండమ్మా, పిల్లల ఆసుపత్రి వార్డుకి నీలం టైల్స్ ఇస్తామని మాటిచ్చాం. అన్నీ ఒకే నీలం ఉండాలి. మీ అల్లుడుగారికి బట్టీలో రెండు కాల్పులు ఇస్తాను. రెండూ పాడైతే నాకు వేరే దారి లేదు, మేస్త్రిగారే వచ్చి చూడాలి.”

“నేనైతే ఇప్పుడే వస్తాను” అన్నాడు మామగారు, ఒంటికన్నుతో మెరిసిపోతూ.

“మీరు ఇంట్లోంచి కదిలితే ఒట్టు” అంది అత్తగారు.

ఆ సాయంత్రం వంటింట్లో కోడలు ఆ లెక్క ఎలా తయారైందో వివరించడానికి ప్రయత్నించింది. అత్తగారు గిన్నెలు తుడుస్తూ, మామగారు పట్టీ సర్దుకుంటూ విన్నారు.

“మామయ్య ఎప్పుడూ అంకెలు చెప్పరు కదా అత్తయ్యా. ‘కాస్త తగ్గించు, ఓ మోస్తరుగా పెంచు, రవ్వంత ఆగు’ అంటారు. కంప్యూటరుకి ‘కాస్త’ తెలీదు. అందుకని ముందు ఆ ‘కాస్త’కి, ‘ఓ మోస్తరు’కి హద్దులు కట్టాను. ఇది ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా కాస్త, అక్కణ్ణుంచి మెల్లగా ఓ మోస్తరులోకి జారుతుంది, అలాగ. తర్వాత వాటితో నియమాలు అల్లాను. మట్టి బాగా తడిగా ఉంటే మెల్లగా వేడెక్కించు, గాలి జోరుగా ఉంటే కాస్త పెంచు...”

“అన్ని నియమాలు నీకెలా తెలుసు?”

“తెలీదు! అందుకే రెండువందల రకాల నియమాల మూటలు తోచినట్టు తయారుచేయించాను. మూడేళ్ల పాత కాల్పుల వివరాలు పెట్టి, ఏ మూట మామయ్య నిర్ణయాలకి దగ్గరగా వస్తుందో చూశాను. చెత్తవి తీసి పారేశాను. మంచివాటిని జతకలిపాను. వాటికి పిల్లలు పుట్టాయి. ఆ పిల్లల్లో మళ్లీ మంచివాటిని జతకలిపాను. అలా నాలుగువందల తరాలు.”

అత్తగారు గిన్నె తుడవడం ఆపింది. “నెలకి అంత జీతమిచ్చి నీచేత పెళ్లి సంబంధాలు వెతికిస్తున్నారటే?”

“అమ్మాయికి రెండు డిగ్రీలున్నాయిలే, ఏదో చేస్తుంది” అన్నాడు మామగారు. “నాకంటే తక్కువేననుకో. నేను రోజూ పదకొండువందల యాభై డిగ్రీలు చూసేవాణ్ణి.”

కోడలు నవ్వి, పుస్తకం తెరిచింది. “మామయ్యా, ఆ నాలుగువందల తరాల తర్వాత ఒక నియమం బయటపడింది. పదిహేడో నంబరు. చూడగానే నేను అదిరిపోయాను. నిలకడ గంటల్లో వేడి ఉన్నట్టుండి పడిపోతే, గ్యాసు తగ్గించు! ఎవరైనా వేడి పడితే గ్యాసు పెంచుతారు. మీరు తగ్గించారు. రికార్డుల్లో వందలసార్లు ఉంది. మా చదువులో ఎక్కడా లేదిది. ఇది మీ సొంత కిటుకే కదా?”

మామగారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. వేడి పడితే గ్యాసు తగ్గించడమేమిటి, మతి ఉన్నవాడెవడైనా తగ్గిస్తాడా? కానీ రెండు డిగ్రీల కోడలు, కళ్లు ఇంతింత చేసుకుని, ‘మీ కిటుకే కదా’ అంటోంది. శాస్త్రంలో ఏదో లోతు ఉండే ఉంటుంది. తెలీదంటే పరువేం కావాలి?

“ఊఁ” అన్నాడు గంభీరంగా. “అదా. అది చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు.”

కోడలు పదిహేడో నియమం కింద రెండు గీతలు గీసింది. మర్నాడు మేనేజరుకి చెబితే ఆయన పొంగిపోయి దాన్ని నోటీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాడు: ‘మేస్త్రిగారి రహస్యం: వేడి పడితే మంట తగ్గించు.’ బోర్డెక్కిన రహస్యాన్ని పనివాళ్లంతా వచ్చి చదివి, అర్థం కాక, అర్థమైనట్టు తలలూపి వెళ్లారు.

మొదటి కాల్పు సోమవారం. తెల్లవారకముందే మంట పెట్టారు. మామగారిని అత్తగారు ఇంట్లో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకొచ్చింది. అల్లుడుగారు దర్జాగా బట్టీ నడిపాడు. మట్టి తడి కనిపెట్టి మెల్లగా వేడెక్కించాడు. గాలి తిరిగితే సర్దుకున్నాడు. మధ్యాహ్నానికి పదకొండువందల యాభై చేరాడు. అక్కడ మూడు గంటలు చెక్కుచెదరకుండా గీత గీసినట్టు నిలబెట్టాడు. తెరమీద ఆ గీత చూసి కోడలు మురిసిపోయింది.

మర్నాడు తలుపు తెరిస్తే, నీలం టైల్స్ అన్నీ వంకాయ రంగుకి తిరిగి ఉన్నాయి. అంచులు అప్పడాల్లా లేచాయి. అత్తగారు ఒకదాన్ని సుత్తితో కొట్టింది. అది ‘టంగు’ మనలేదు, ‘థప్’ అంది.

“పలకటంలేదే అమ్మాయ్” అందావిడ దిగులుగా.

“తొందరగా ఉడికే మట్టి వచ్చినట్టుంది” అంది కోడలు. “మామయ్యయితే మధ్యలో మంట తగ్గించేవారు. అల్లుడుగారు ఒక్కసారీ తగ్గించలేదు. తగ్గించడం వాడికొచ్చు, పదిహేడో నియమం ఉంది. కానీ వేడి ఒక్కసారీ పడలేదు, వాడు తగ్గించలేదు. పాత రికార్డుల్లో అన్నిసార్లు పడిన వేడి, నిన్న ఎందుకు పడలేదు?”

రెండు రోజులు ఆ ప్రశ్న పట్టుకుని కూర్చుంది. మట్టి చూసింది, గాలి చూసింది, ఒత్తిడి చూసింది, వేడి కొలిచే కడ్డీని తీయించి మార్చి చూసింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కళ్ల కింద నల్లటి చారలు తప్ప ఏమీ దొరకలేదు. ఇంట్లో మామగారు కళ్లజోడు అద్దం తుడుచుకుంటున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు. అదే ఆవిడకి భయం.

గురువారం రెండో కాల్పు. ఇది పోతే ఆయన కన్ను కన్నంలోకి వెళ్తుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి వేడి పదకొండువందల యాభై అందుకుంది. కోడలు తెర ముందు గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. వెనక మేనేజరు, కరెంటాయన, మరో పదిమంది. అత్తగారు సుత్తితో సహా వచ్చేసింది. పావుగంట గడిచింది. ఉన్నట్టుండి గీత చటుక్కున ఇరవై డిగ్రీలు కిందికి పడి, మళ్లీ లేచింది. అల్లుడుగారు వెంటనే గ్యాసు రవ్వంత తగ్గించాడు.

“పడింది! తగ్గించాడు!” అని మేనేజరు ఎగిరాడు. “పదిహేడో నియమం!”

మళ్లీ పావుగంటకి గీత పడింది. మళ్లీ తగ్గించాడు. చప్పట్లు. కోడలికి ప్రాణం లేచొచ్చింది. మూడోసారి పన్నెండు నిమిషాలకే పడింది. నాలుగోసారి ఎనిమిదికి. తర్వాత అయిదుకి. ప్రతిసారీ చప్పట్లు పెరుగుతున్నాయి, మంట తగ్గుతోంది.

“చప్పట్లు ఆపండర్రా” అంది అత్తగారు చెవి అటు పెట్టి. “బట్టీ గొంతు తగ్గింది. ఇలాగైతే పచ్చి టైల్స్ దిగుతాయి.”

కోడలు గడియారం చూసింది. పదిహేను, పదిహేను, పన్నెండు, ఎనిమిది, అయిదు. గాలికి గడియారముండదు. మట్టికి తొందర ఉండదు. ఇది ఎవరో మనిషి పని, అదీ కంగారుపడుతున్న మనిషి పని. లేచి, బట్టీ చుట్టూ తిరిగి వెనక గోడ దగ్గరికి వెళ్లింది.

బోర్లించిన చెక్కపెట్టె మీద మామగారు! కుడికన్నుకి ఆకుపచ్చ పట్టీ, ఎడమకన్ను కన్నంలో.

“మామయ్యా!”

ఆయన ఉలిక్కిపడి మూత వేశాడు. కంటి చుట్టూ మసి, ఎవరో సున్నా చుట్టినట్టు.

“నేను ఏమీ ముట్టుకోలేదమ్మాయ్! ఒట్టు! ఊరికే చూస్తున్నాను. మంట నీరసపడుతోంది. అల్లుడికేమైందోనని మళ్లీ చూస్తున్నాను, చూసేకొద్దీ ఇంకా నీరసపడుతోంది!”

ఈ లోపల అత్తగారు వచ్చింది. “తాళం వేశాను కదండీ!”

“వెనక తలుపుకి వెయ్యలేదు కదే!”

“ఊళ్లోవాళ్ల కళ్లు గప్పితే గప్పారు గానీ, నా కళ్లే గప్పుతారా మీరు! డాక్టరుగారికి చెప్తాను, రెండో కన్నుతో పాటు ఈ నోరు కూడా కుట్టమని...”

కోడలు ఇవేవీ వినడంలేదు. ఆ ఇనుప మూతకేసి చూస్తోంది. మూతకి జానెడు పక్కన, అదే ఇటుకలో, వేడి కొలిచే కడ్డీ దిగి ఉంది. ఆయన ముట్టుకోలేదు. ఆయన చూశాడు, అంతే.

“మామయ్యా, ఆ మూత ఒక్కసారి తీయండి. చూడొద్దు. మొహం ఇటు తిప్పి, చేత్తో తీసి వేసేయండి.”

ఆయన పెళ్లాం కేసి భయంగా చూస్తూ మూత తీసి వేశాడు. తెర దగ్గర్నించి మేనేజరు కేక వినిపించింది: “పడింది! మళ్లీ తగ్గించాడు!”

కోడలు పరుగెత్తుకొచ్చి పదిహేడో నియమాన్ని కొట్టిపారేసింది. గ్యాసు మళ్లీ పెరిగింది. ఇంకా గంటా యాభై నిమిషాల నిలకడ ఉంది. బట్టీ లోపల టైల్స్ ఎంతవరకు ఉడికాయో అల్లుడికి తెలీదు. ఆ సంగతి తెలుసుకోవాలంటే లోపలికి చూడాలి. చూసి అర్థం చేసుకోగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు.

“జరగండి” అన్నాడా మనిషి, చొక్కా చేతులు మడుచుకుంటూ. “ఇంక నేను చూస్తాను. రెండు గంటల్లో కన్ను ఎక్కడికీ పోదు.”

“పోతుంది” అంది కోడలు. “మామయ్యా, మీరు చూడాలి. కానీ ఆ కన్నంలోంచి కాదు. గేటు దగ్గర కెమెరా ఉంది కదా. కరెంటాయనా, అది ఊడదియ్యగలరా?”

“ఊడదియ్యొచ్చు. మరి గేటు?”

“ఈ పూట గేటు దాన్ని అదే చూసుకుంటుంది. వెల్డింగు నల్లద్దం కూడా కావాలి.”

పది నిమిషాల్లో కెమెరా వచ్చింది. కన్నానికి నల్లద్దం అతికి, అంచులు తడిమట్టితో మెత్తి, గాలి దూరకుండా చేసి, వెనక కెమెరా బిగించారు. బట్టీకి ఇరవై అడుగుల దూరంలో కుర్చీ వేసి, మామగారిని నిప్పుకి వీపు పెట్టి కూర్చోబెట్టారు. తెరమీద ఎర్రటి మసక, అందులో టైల్స్ వరస.

“ఇదేం చూపు? రుచి లేదు” అన్నాడాయన. తల వంచి, దగ్గరికి జరిగి, మళ్లీ దూరం జరిగి చూశాడు. చప్పున వేలు చూపించాడు. “అదిగో! పైవరస అంచు చూశావా? తడి పెదవిలా మెరిసిందే, అది. పూత కరుగుతోంది. కాస్త తగ్గించు.”

“కాస్త అంటే ఎంత?”

“కాస్తంటే కాస్తే!”

కోడలికి ఆ జవాబే కావాల్సింది. గబగబా నాలుగు మీటలకి నాలుగు కాగితం ముక్కలు అంటించింది: ‘ఇంకా లేదు’, ‘రవ్వంత’, ‘కాస్త’, ‘నిండుగా’. మామగారు మెరుపు ఎంతుందో చెప్పి మీట నొక్కుతాడు. అల్లుడుగారు ఆ మాటని మట్టి, గాలి, ఒత్తిడితో కలిపి లెక్కవేసి గ్యాసు తిప్పుతాడు. మొదట ఆయన మీటని సుత్తిలా కొట్టాడు. తర్వాత అలవాటైంది. అత్తగారు పక్కన నిలబడి సలహాలిచ్చింది.

“అది కాస్త కాదండీ, రవ్వంతే.”

“ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్నాను, నాకు తెలీదా?”

“నేను అన్నేళ్లుగా మీరు చూసినవాటిని కొట్టి చూస్తున్నాను, నాకు తెలీదా?”

ఆయన ఒక్క క్షణం తటపటాయించి ‘రవ్వంత’ నొక్కాడు.

మూడుంబావుకి గ్యాసు ఒత్తిడి ఒక్కసారిగా జారింది. రొట్టెలవాళ్లు పొయ్యిలు వెలిగించారు. మామగారు “మర తిప్పండి!” అని కేకపెట్టి సగం లేచేలోపలే అల్లుడుగారు మర తిప్పేశాడు. తెరమీద మెరుపు చెక్కుచెదరలేదు. మామగారు మళ్లీ కూర్చున్నాడు.

“వీడికి నాకంటే ముందే ఎలా తెలిసింది?”

“ఒత్తిడి కొలిచే గడియారాన్ని సెకనుకోసారి చూస్తాడు మామయ్యా. మీరు పావుగంటకోసారి కదా.”

“అబ్బో” అన్నాడాయన. ఆ ‘అబ్బో’లో కొంచెం కుళ్లుంది, చాలా మెప్పుంది. మధ్యలో నీరసపడినందుకు పావుగంట ఎక్కువ నిలిపి, నాలుగుంబావుకి మంట ఆపారు.

మర్నాడు మధ్యాహ్నానికి బట్టీ చల్లారింది. తలుపు తీసేటప్పుడు ఫ్యాక్టరీ మొత్తం అక్కడే ఉంది. మొదటి అర బయటికి లాగారు. నీలం. రెండో అర, అదే నీలం. అత్తగారు ఒక టైలు తీసి వేళ్ల కొసల మీద నిలిపి కొట్టింది. మోత గది చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చింది. పది కొట్టింది, ఇరవై కొట్టింది. అన్నీ పలికాయి. మామగారు ఒక టైలుని చొక్కాకి తుడిచి, ఎడమకంటికి దగ్గరగా పట్టుకుని, నీలాన్ని తనివితీరా చూశాడు.

“మంచిదమ్మా” అన్నాడు మేనేజరు, “కానీ నాకొకటి అర్థం కాలేదు. మేస్త్రిగారి రహస్యాన్ని బోర్డు మీద రాయించాను. మీరేమో నిన్న దాన్నే కొట్టేశారు. కొట్టేశాకే పని అయింది. ఏమిటిది?”

అందరూ కోడలి కేసి తిరిగారు. ఆవిడ ఖాళీ అర అంచున కూర్చుంది.

“చెప్తాను. మామయ్య పావుగంటకోసారి మూత తీసేవారు. మూత తీయగానే బయటి చల్లగాలి లోపలికి దూరి, పక్కనే ఉన్న కడ్డీకి తగిలేది. బట్టీ చల్లబడలేదు, కడ్డీ ఒక్కటే చల్లబడింది. రికార్డులో మాత్రం ‘వేడి పడింది’ అని పడింది. ఈలోపల మామయ్య లోపల చూసి, పూత మెరుస్తుంటే గ్యాసు తగ్గించేవారు. అది కూడా రికార్డులో పడింది. మధ్యలో ఆయన చూసిన చూపు మాత్రం ఎక్కడా పడలేదు. అల్లుడుగారికి కనిపించినవి రెండే: వేడి పడింది, గ్యాసు తగ్గింది. పాపం, ఆ రెండింటినీ ముడేసి బట్టీ పట్టేశాడు.”

“ఓహో! బట్టీని బట్టీ పట్టాడా!” అన్నాడు కరెంటాయన.

“సోమవారం మూత తీసేవాళ్లు లేరు. వాడు వేడి ఎప్పుడు పడుతుందా అని మూడు గంటలు ఎదురుచూశాడు, టైల్స్ మాడాయి. నిన్న మామయ్య దొంగచాటుగా మూత తీశారు, వాడు తగ్గించాడు. తగ్గిందని కంగారుపడి మళ్లీ తీశారు, వాడు మళ్లీ తగ్గించాడు. తప్పు వాడిది కాదు, నాది. మట్టి రాసుకున్నాను, గాలి రాసుకున్నాను, రొట్టెల పొయ్యి కూడా రాసుకున్నాను. మామయ్య చూడటం రోజూ చూస్తూనే ఉన్నాను, అది రాసుకోలేదు. చూపుకి ఏం బరువుంటుందిలే అనుకున్నాను. పదిహేడో నియమం వింతగా ఉన్నా, అది మామయ్య కిటుకేమోనని గౌరవించి ఊరుకున్నాను. ఆయన్ని అడిగాను కూడా. ఆయన అవునన్నారు.”

ఇప్పుడు అందరూ మామగారి కేసి తిరిగారు. ఆయన పట్టీ సర్దుకున్నాడు. సర్దాల్సిన అవసరం లేదు, బాగానే ఉంది.

“అంటే...” అన్నాడు. “అమ్మాయి రెండు డిగ్రీలు చదివింది. అంత మురిసిపోతూ అడిగింది. నాకేమో అది శాస్త్రమేమో అనిపించింది. కాదంటే బావుండదని, ఊఁ అన్నాను.”

“నాకు మాత్రం ఏం తెలుసు” అన్నాడు మేనేజరు. “వాళ్లిద్దరూ అవునంటే బోర్డు మీద రాయించాను.”

“రాసి ఉంటే నిజమేననుకుని మేం తలలూపాం” అన్నారు పనివాళ్లు.

అత్తగారు ఒక్కొక్కరినీ వరసగా చూసింది: కోడలు, మొగుడు, మేనేజరు, తలలూపిన పదిహేనుమంది. సుత్తి ఎత్తి, గుట్టగా పోసి ఉన్న వంకాయ రంగు టైల్స్ కేసి చూపించింది.

“అంటే ఒకరికొకరు మర్యాద ఇచ్చుకుని, అందరూ కలిసి ఎనిమిదివందల టైల్స్ మాడ్చారన్నమాట!”